దర్శనం ఎవరి పక్షాన?

ఒక ఎండాకాలం సీతంపేట కొండల వైపు మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. రాత్రి భోజనాలయ్యాక, సెలవులకు ఇంటికొచ్చిన ఆమె మనవరాలు ఫోన్‌లో ఒక అమెరికా సీరియల్ పెట్టింది. పేరు ‘మీడియం’. అందులో అలిసన్ అనే ఇల్లాలికి చనిపోయినవాళ్లు కలలోకి వస్తారు. ఎవరు చంపారో, ఎక్కడ చంపారో ముక్కలు ముక్కలుగా చూపిస్తారు. ఆమె ఉలిక్కిపడి లేస్తుంది. పొద్దున్నే వెళ్లి ప్రభుత్వ లాయరుకు చెబుతుంది. మొదట ఎవరూ నమ్మరు. చివరికి ఆమె చెప్పిందే నిజమవుతుంది.

పెద్దమ్మ మా పక్కనే కూచుని, మనవరాలు కథ చెబుతుంటే వింది. హంతకుడు దొరికాడు, కథ అయిపోయింది. అప్పుడు పెద్దమ్మ అడిగింది: “అయితే సచ్చిపోయిన పిల్లతో ఆల్లమ్మని ఒకపాలైనా మాటాడనివ్వరేటి?”

పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పెద్దమ్మది తెలియక అడిగిన ప్రశ్న కాదు. చనిపోయినవాళ్లు మాట్లాడతారని చెప్పే కథలో బతికున్నవాళ్లకు జవాబు చెప్పే వంతు ఉండాలని ఆమెకు తెలుసు. ఆ వంతు ఆ సీరియల్‌లో లేదు. ఎందుకు లేదో వెతుకుతూ పోతే టీవీ చరిత్రే కాక మన చరిత్ర కూడా తగిలింది.

తెర మీద చూపుగలవాళ్లు

ముందే తెలిసిపోయే శక్తి ఉన్న మనుషుల కథలు టీవీకి కొత్త కాదు. అమెరికాలో 1959లో ఏబీసీ చానల్‌లో ‘వన్ స్టెప్ బియాండ్’ అనే సీరియల్ మొదలై 1961 దాకా నడిచింది. జాన్ న్యూలాండ్ అనే ఆయన తెర మీదికి వచ్చి, ఇవి జరిగిన సంగతుల ఆధారంగా తీసినవని చెప్పేవాడు. టైటానిక్ ఓడ మునిగిపోతుందని ముందే మనసుకు తట్టినవాళ్ల మీద అందులో ఒక భాగం ఉంది. ఆ కథల్లో దర్శనం ఒక వింత. కనిపిస్తుంది, జరుగుతుంది, చూసినవాళ్లు ఆశ్చర్యపోతారు. అంతటితో సరి.

తర్వాత దర్శనం ఉద్యోగంలో చేరింది. 1996లో మొదలైన ‘మిలీనియం’లో ఫ్రాంక్ బ్లాక్ ఒకప్పటి ఎఫ్‌బీఐ మనిషి. హంతకుడి కళ్లతో చూడగలడు. 2002 నుంచి 2007 దాకా వచ్చిన ‘ది డెడ్ జోన్’ స్టీఫెన్ కింగ్ 1979 నవల ఆధారంగా తీసింది. అందులో జానీ స్మిత్ ప్రమాదం జరిగి ఆరేళ్లు స్పృహ లేకుండా పడి ఉంటాడు. లేచాక ఎవరిని తాకినా వాళ్ల గతమో భవిష్యత్తో కనిపిస్తుంది. ఆ ఊరి షెరీఫ్‌కు, అంటే పోలీసు అధికారికి, అతని చూపు సాయపడుతుంది. 2005 జనవరిలో మొదలైన ‘మీడియం’ 2011 దాకా ఏడు సీజన్లు, 130 భాగాలు నడిచింది. అలిసన్ పాత్ర వేసిన ప్యాట్రీషియా ఆర్కెట్‌కు మొదటి ఏడాదే ఎమ్మీ బహుమతి వచ్చింది. అలిసన్ పనిచేసేది అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో, ప్రాసిక్యూషన్ ఆఫీసులో. పిల్లల కోసం తీసిన ‘దట్స్ సో రేవెన్’లో మాత్రం రేవెన్ అనే నల్లజాతి అమ్మాయికి వచ్చే దర్శనాలు సగం సగమే. వాటిని ఆపబోయి తనే జరిగేలా చేస్తుంది. నవ్వు కోసం తీసినా, చూపుకు హద్దు ఉంటుందని చెప్పింది ఆ పిల్లల సీరియలే.

మన టీవీలోనూ ఈ రుచి ఉంది. ఆపద రాబోతోందని కథానాయికకు కలలో అమ్మవారు చెప్పడం తెలుగు సీరియళ్లు చూసేవాళ్లకు బాగా తెలుసు. బోనాల మర్నాడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ చెప్పే రంగం భవిష్యవాణిని చానళ్లు ప్రత్యక్షంగా చూపిస్తాయి. మేడారంలో కోయ వడ్డెలు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకొచ్చే ఘడియ కూడా అలాగే వస్తుంది. అయితే అవి జాతరలు. ఇక్కడ నేను మాట్లాడుతున్నది కల్పించి రాసిన కథల గురించి.

ఎందుకు అంటుకుపోతాం

ఈ కథలను కొట్టిపారేయడం తేలిక. మూఢనమ్మకం అనో, కాలక్షేపం అనో అనేయవచ్చు. కానీ ‘మీడియం’ లాంటిది ఏడు సీజన్లు నడిచిందంటే అది మనిషిలో ఏదో నిజమైన ఆకలిని తాకింది.

మొదటిది, అన్యాయంగా పోయినవాళ్లకు నోరు దొరకడం. హత్యకు గురైన ఆడపిల్ల తన సంగతి తనే చెప్పుకోగలిగితే బాగుండునని ఎవరికి ఉండదు? సాక్షులు లేని చావు, కేసు కాని చావు, అడవిలో దొరికి ఎవరిదో తేలని శవం, ఇవి ఎరిగినవాళ్లకు ఆ కోరిక మరీ ఎక్కువ.

రెండోది, నమ్మకం పొందని మనిషి గెలవడం. అలిసన్ ముగ్గురు ఆడపిల్లల తల్లి. నిద్ర చాలదు. భర్త జో ఇంజనీరు. లెక్కలు తెలిసిన మనిషి కనుక సగం నమ్ముతాడు, సగం భయపడతాడు. ఆఫీసులో మగవాళ్లు ఆమె మాటకు రుజువు అడుగుతారు. తనకు తెలిసిన సంగతిని తెలిసినట్టు నిరూపించలేక నలిగిపోయే ప్రతి ఆడమనిషీ అక్కడ తనను చూసుకుంటుంది. ఆమె చూపు కూతుళ్లకు కూడా వస్తుంది. తల్లికి ఉన్నది బిడ్డలకు రావడం మన పల్లెల్లోనూ వింత కాదు.

మూడోది, ఖాయం. గంటలోపల అనుమానం తీరిపోతుంది. 2000లో మొదలైన ‘సీఎస్ఐ’లో ప్రయోగశాల చేసే పనినే ‘మీడియం’లో కల చేస్తుంది. ఒకదానిలో వెంట్రుక, మరొకదానిలో ఆత్మ. రెండూ ఒకే మాట ఇస్తాయి: తప్పు చేసినవాడు తప్పించుకోడు. నిజ జీవితంలో ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లకు ఆ మాట ఎంత తీపో చెప్పనక్కరలేదు.

మొదటి రెండు ఆకలులూ న్యాయమైనవి. మూడోదే నన్ను ఆపుతుంది.

పెద్దమ్మ ఎరిగిన పద్ధతి

సవరల్లో చనిపోయినవాళ్లతో మాట్లాడించే పెద్దలు ఉండేవారు. మగవాళ్లయితే కుడాన్, ఆడవాళ్లయితే కుడాన్‌బోయి. ఒడిశా వైపు సవరల గురించి వెరియర్ ఎల్విన్ 1955లో పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. కుడాన్‌బోయి కాబోయే పిల్లకు కింది లోకం నుంచి ఒక వరుడు కలలోకి వచ్చి పెళ్లాడమంటాడు. ఆమె వద్దంటుంది. జబ్బు పడుతుంది. చివరికి ఒప్పుకుంటుంది. అక్కర్లేదనుకున్న శక్తి మీద పడడం ‘డెడ్ జోన్’ జానీకీ ఉంది. అంతవరకు రెండు కథలూ ఒకటే.

తేడా ఆ తర్వాత వస్తుంది. 1970ల నుంచి సవర ఊళ్లలో ఉండి, వాళ్ల భాష నేర్చుకున్న పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1993లో ‘డైలాగ్స్ విత్ ది డెడ్’ అనే పుస్తకం రాశాడు. పేరులోనే సంగతి ఉంది. ఆవేశం వచ్చిన మనిషి నోట చనిపోయినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. చుట్టూ కూచున్నవాళ్లు ఊరికే వినరు. ఎలా పోయావని అడుగుతారు. మమ్మల్ని వదిలి ఎందుకు పోయావని నిలదీస్తారు. ఏడుస్తారు, కోప్పడతారు, ఆస్తి పంపకాల మీద వాదిస్తారు, హాస్యాలాడతారు. చచ్చిపోయిన మనిషి మొదట్లో బాధతో, కోపంతో వస్తాడు. అతని జబ్బు బతికున్నవాళ్లకు అంటుతుందని భయం. ఏళ్ల తరబడి మాటలు జరిగాక నెమ్మదిస్తాడు, ఇంటి పెద్దల్లో కలుస్తాడు, చివరికి తన పేరు ఒక మనవడికో మనవరాలికో ఇస్తాడు.

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నను మళ్లీ వినండి. ‘మీడియం’లో చూపు ఒక్కరి సొత్తు. చాలాసార్లు కథ నేరం తేలడంతో ముగుస్తుంది. సవర పద్ధతిలో చావు ఎలా వచ్చిందో తేలడం మొదలు మాత్రమే. అసలు పని దుఃఖం తీరడం. ఆ పని ఒక్క సాయంత్రంలో కాదు, ఒక్క మనిషి వల్లా కాదు. కుడాన్‌బోయి తలుపు తీస్తుంది. మాట్లాడేది ఇంటివాళ్లు, వినేది ఊరు.

పోలీసు పక్కన, పోలీసు ఎదుట

‘మీడియం’లో అలిసన్ ప్రాసిక్యూషన్ తరఫున చూస్తుంది. జానీ చూపు షెరీఫ్‌కు అందుతుంది. ఫ్రాంక్ బ్లాక్ ఎఫ్‌బీఐ నుంచి వచ్చాడు. ఈ సీరియళ్లలో దర్శనం సర్కారు పక్షాన నిలబడి ఉంటుంది. అందుకే చివరికి నమ్ముతారు. దర్శనం సర్కారుకు ఎదురు నిలిస్తే ఏమవుతుంది? దానికి సమాధానం మన పాచిపెంట దగ్గర ఉంది.

1900లో పాచిపెంట వైపు కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య అనే కొండదొరకు ఆవేశం వచ్చింది. మద్రాసు అటవీ చట్టం వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్లు. మల్లయ్య చుట్టూ ఏజెన్సీలోని అనేక చోట్ల నుంచి నాలుగైదు వేలమంది చేరారు. జనం ఆయన్ను స్వామి అన్నారు. తాను పంచపాండవుల్లో ఒకడినని, తన పసికొడుకు కృష్ణుడని ఆయన చెప్పాడు. ఇంగ్లీషువాళ్లను వెళ్లగొట్టి తానే రాజ్యం ఏలతానన్నాడు. వెదురు గడలు తుపాకులవుతాయని, సర్కారు ఆయుధాలు నీళ్లవుతాయని చెప్పాడు. జనం వెదురు నరికి తుపాకుల ఆకారంలో చెక్కారు. వాటితో కవాతు చేశారు. పాచిపెంటను దోచుకుంటామని కబురు పెట్టారు.

మే 1న సంగతి చూడడానికి వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను గుంపు కొట్టి చంపింది. జిల్లా మేజిస్ట్రేటు విశాఖపట్నం, పార్వతీపురం, జైపూర్‌ల నుంచి రిజర్వు పోలీసులను రప్పించి మే 7 తెల్లవారుజామున శిబిరం మీద పడ్డాడు. కాల్పుల్లో పదకొండుమంది చనిపోయారు. తుపాకులు నీళ్లు కాలేదు. అరవైమంది మీద అల్లర్ల కేసు పెట్టారు. మల్లయ్యతో సహా ముగ్గురి మీద హత్య కేసు నడిచింది. మల్లయ్య జైల్లో చనిపోయాడు. మిగతా ఇద్దరినీ ఉరితీశారు. కృష్ణుడనుకున్న ఆ పసివాడు కూడా చనిపోయాడు.

ఈ వివరాలు మనకు దొరికేది దొరల పుస్తకాల్లోనే. 1909లో వచ్చిన ఎడ్గర్ థర్‌స్టన్ ‘దక్షిణ భారత కులాలు, తెగలు’ సంపుటాల్లో కొండదొరల కింద ఈ సంగతి ఉంది. మల్లయ్య ఆవేశం వచ్చినట్టు నటించాడనే అర్థం వచ్చే మాటతో అది మొదలవుతుంది. పసివాడు కూడా పోయాడని, దాంతో గొడవ అంతా సద్దుమణిగిందని ముగుస్తుంది. ఒక బిడ్డ చావు పరిపాలన చిక్కు తీరడంతో కలిసి ఒకే వాక్యంలో ఉంది. అంత జనం కొండలు దిగి ఎందుకు వచ్చారు, ఏ బాధ వాళ్లను వెదురు తుపాకుల దాకా తెచ్చింది అని రాసినవాళ్లు అడగలేదు.

అదే కథ, మరో ఖండం

అమెరికా ఆదివాసులకు ఈ కథ కొత్త కాదు. నెవాడాలో పయూట్ తెగ మనిషి వొవోకాకు 1889 జనవరి 1న, సూర్యగ్రహణం వేళ దర్శనం వచ్చింది. పోట్లాడకండి, మంచిగా బతకండి, ఈ నృత్యం చేయండి, చనిపోయినవాళ్లు తిరిగి వస్తారని ఆయన చెప్పాడు. ఆ మాట తెగ నుంచి తెగకు పాకింది. లకోటాలు ఆ నృత్యంలో తొడిగిన చొక్కాలను తుపాకి గుండు చీల్చదని నమ్మారు. 1890 డిసెంబర్ 29న వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం రెండు వందలమందికి పైగా లకోటాలను చంపింది. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఎందరో. కాల్చిన సైనికులకు పతకాలిచ్చారు. నెవాడాకూ పాచిపెంటకూ మధ్య ఏ కబురూ నడిచి ఉండదు. భూమి పోయి, ఆయుధం లేక, చనిపోయినవాళ్లు మిగిలిన చోట మనుషులు ఒకేలాంటి కల కన్నారు.

వందేళ్లు గడిచాక అదే అమెరికా టీవీకి ఆదివాసీ దర్శనం అందమైన వస్తువైంది. 1995లో మొదలైన ‘స్టార్ ట్రెక్: వోయేజర్’లో చకోటే అనే ఆదివాసీ అధికారి ఉన్నాడు. చేతిలో ఇమిడే యంత్రం మీద చెయ్యి పెట్టి కళ్లు మూస్తే దర్శనం వస్తుంది, దారి చూపే జంతువు కనిపిస్తుంది. ఏ తెగవాడో మొదట్లో స్పష్టంగా చెప్పలేదు. ఈ పాత్ర కోసం సలహా అడిగింది జమాకే హైవాటర్ అనే రచయితను. ఆయన చెప్పుకున్న ఆదివాసీ పుట్టుక అబద్ధమని 1984లోనే పత్రికల్లో బయటపడింది. దర్శనం కావాలి, దర్శనం చూసిన మనుషులు అక్కర్లేదు. మల్లయ్యను నటించాడన్న ప్రపంచమే నటించినవాణ్ణి సలహాదారుగా పెట్టుకుంది.

మన తప్పు కూడా రాయాలి

ఇంతవరకు చెప్పింది విని, మన పద్ధతి అంతా మంచిదే, టీవీదే చెడు అనుకుంటే అది అబద్ధమవుతుంది. ఖాయం అనే మూడో ఆకలి మనలోనూ ఉంది. చిల్లంగి పెట్టారని, చేతబడి చేశారని, బాణామతి అని అనుమానించి మనుషుల్ని చంపిన వార్తలు ఏజెన్సీ నుంచీ వచ్చాయి, మైదానం నుంచీ వచ్చాయి. జ్వరంతో బిడ్డ పోతే, ఎవరో చేశారని ఒక గురువు అంటే, ఆ మాట ఒక ముసలమ్మ మీదికో, ఒంటరి మగవాడి మీదికో పోతుంది. అక్కడ ఎవరూ ప్రశ్న అడగరు. చూసినవాడు చూశాడు, అంతే.

టీవీ దర్శనంలో నాకు భయం కలిగించేది ఇదే. అలిసన్ మొదట కలను తప్పుగా అర్థం చేసుకోవచ్చు, చివరికి కల మాత్రం తప్పదు. అలాంటి కథలు వందల భాగాలు చూసిన కళ్లకు, చూపు తప్పుతుందనే ఆలోచన రాదు. పెద్దమ్మ ఎరిగిన పద్ధతిలో చనిపోయినవాడితో కూడా వాదించవచ్చు. నువ్వు చెప్పేది అబద్ధం అనవచ్చు. ఆ ప్రశ్న ఉన్నంతకాలం దర్శనం ఊరికి మందు. ప్రశ్న పోయిన రోజున అదే గొడ్డలి. జ్వరం వస్తే ఆసుపత్రికి పోవాలి, చావు మీద అనుమానం ఉంటే విచారణ జరగాలి. దుఃఖానికి మాత్రం మాట కావాలి. ఈ మూడింటినీ కలిపేస్తే మనుషులు చచ్చిపోతారు.

మల్లయ్య విషయంలోనూ ఇంతే. వెదురు తుపాకి కాలేదని, ఇద్దరు కానిస్టేబుళ్లు ఘోరంగా చనిపోయారని మనం దాచకూడదు. దాచకుండా రాస్తేనే మిగతా పదకొండుమంది గురించి, జైల్లో పోయిన తండ్రి గురించి, పసివాడి గురించి మన మాట చెల్లుతుంది.

కథ మన చేతికి వస్తే

అలా రాయడం కుదురుతుందా అంటే, కుదురుతుందని చూపించిన సీరియల్ ఒకటుంది. 2021 నుంచి 2023 దాకా మూడు సీజన్లు వచ్చిన ‘రిజర్వేషన్ డాగ్స్’. సెమినోల్, మస్కోగీ మూలాలున్న స్టెర్లిన్ హార్జో, మావోరీ దర్శకుడు టైకా వైటిటి కలిసి మొదలుపెట్టారు. రాసినవాళ్లు, దర్శకులు అందరూ ఆదివాసులే. తీసింది ఓక్లహామాలో.

అందులో బేర్ అనే కుర్రవాడికి గుర్రం మీద ఒక పూర్వీకుడి ఆత్మ కనిపిస్తుంది. ఈకలు, రంగులు, గంభీరమైన గొంతు, అంతా ‘వోయేజర్’ చూసినవాళ్లు ఆశించేదే. కానీ అతను 1876 లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో పోరాడి చావలేదు. యుద్ధానికి పోతుంటే గుర్రం కాలు బొరియలో పడి, అది తన మీదే పడి చచ్చాడు. అతని సలహాలు సగం పనికిరావు. కుర్రవాడు విసుక్కుంటాడు, ఎదురు ప్రశ్నలు వేస్తాడు. చూసి మనం నవ్వుతాం, అయినా ఆ ముసలి ఆత్మ మీద ప్రేమ పోదు. పెద్దమ్మ అడిగిన జవాబు చెప్పే వంతు ఆ కుర్రవాడికి దొరికింది.

అదే సీరియల్‌లో జింక కాళ్ల స్త్రీ కథ ఒక భాగంగా వస్తుంది. ఆదివాసీ పిల్లలను బలవంతంగా తీసుకుపోయి పెట్టిన బోర్డింగ్ బడి అందులో ఉంది. పిల్లలు కయోవా భాషలో మాట్లాడతారు. అక్కడి సన్యాసినుల ఇంగ్లీషు మాత్రం అర్థంకాని చప్పుళ్లుగా వినిపిస్తుంది. చూసేవాడు ఆ పిల్లల చెవుల్లో కూచుంటాడు. హాస్టల్‌లో మొదటిరోజు మాస్టారి తెలుగు అర్థంకాక బిక్కచచ్చి నిలబడిన మన పిల్లలకు ఆ చప్పుడు వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ దర్శనం నేరం తేల్చే పనిముట్టు కాదు. దాచిపెట్టిన చరిత్రను వినిపించే చెవి.

కొర్ర మల్లయ్య మీద అలాంటి సీరియల్ రేపే రాదు. కానీ రాత రావచ్చు. పాచిపెంట, సాలూరు వైపు కొండదొర ఇళ్లలో ఆ మే నెల గురించి ముసలివాళ్లు ఏం చెబుతారో ఎవరైనా వెళ్లి కూచుని వినాలి. థర్‌స్టన్ రాసింది ఒక వైపు పెట్టి, విన్నది మరో వైపు పెట్టి, రెండింటినీ ప్రశ్నించి రాయాలి. అది మన రచయితల పని. మనం రాయకపోతే మన పిల్లలకు రెండే మిగులుతాయి: నటించాడన్న దొరల మాట, ఫోన్‌లో ఎన్నడూ తప్పని కల.

పెద్దమ్మ ఊళ్లో ఇప్పుడు కుడాన్‌బోయి లేదు. చాలామంది చర్చికి వెళ్తారు, అది వాళ్ల ఇష్టం. ఆ రాత్రి సీరియల్ అయ్యాక పెద్దమ్మ తన పెద్దకొడుకు పోయిన సంగతి చెప్పింది. కామెర్లతో పోయాడు. తర్వాత కుడాన్‌బోయి నోట వచ్చాడు. తనను వదిలి ఎలా పోయావని ఆమె తిట్టింది. వాడు ఆకలేస్తోందన్నాడు. మళ్లీ ఏడాది వచ్చినప్పుడు, నవ్వాడు. మనవరాలు సీరియల్ ఆపేసి, ఫోన్‌లో రికార్డు మీట నొక్కి, నానమ్మ ముందు పెట్టి అడిగింది: “అప్పుడు నువ్వేటన్నావు నానమ్మా?”